ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గర దారి ఏది?

మీ తరగతి గోడకున్న ప్రపంచ పటం చూడండి. ఢిల్లీ నుంచి అమెరికా పడమటి తీరంలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు స్కేలు పెట్టి గీత గీస్తే, అది అరేబియా, ఉత్తర ఆఫ్రికాల మీదుగా అట్లాంటిక్ మహాసముద్రం దాటి పోతుంది. ఆ గీత వెంట వెళితే దాదాపు 18,500 కిలోమీటర్లు ప్రయాణించాలి. కాని ఈ రెండు విమానాశ్రయాల మధ్య అసలు దూరం సుమారు 12,400 కిలోమీటర్లే! ఆ దగ్గర దారి ఎటు ఉంది?

పటాన్ని వదిలి గ్లోబు తీసుకోండి. రెండు నగరాల మధ్య ఒక దారాన్ని బిగించి పట్టుకోండి. దారం తిన్నగా ఉత్తరానికి పోయి హిమాలయాలు, టిబెట్, సైబీరియా దాటి, ఆర్కిటిక్ మహాసముద్రాన్ని తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. ఈ దారి మహావృత్తంలో ఒక చాపం. భూకేంద్రమే తన కేంద్రంగా గల వృత్తాన్ని మహావృత్తం అంటారు. గోళం మీద రెండు స్థలాల మధ్య ఇంతకంటె దగ్గర దారి లేదు. గుండ్రని భూమిని కాగితం మీద పరిచినప్పుడు ధ్రువాల వైపు ప్రాంతాలు సాగిపోతాయి. అందువల్లనే పటంలో ఈ దారి చుట్టుదారిలా కనిపిస్తుంది.

మరి విమానాలు సరిగ్గా దారం వెంటే పోతాయా? పోవు. విమానం లోపలి గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే, ప్రయాణికుల ముసుగులకు అందే ఆక్సిజన్ కొద్ది నిమిషాలే వస్తుంది. ఆలోగా విమానం సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగాలి. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే దాదాపు 4,500 మీటర్లు! ఇక దిగేదెక్కడ? అందుకే విమానాలు సాధారణంగా దాన్ని తప్పించుకు పోతాయి.

దారి పొడవునా ఆపదలో దిగడానికి విమానాశ్రయాలు కూడా అందుబాటులో ఉండాలి. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోతున్న విమానంలో ఒక ఇంజనులో లోపం కనిపించింది. విమానం రష్యా తూర్పు కొసనున్న మగదాన్‌లో క్షేమంగా దిగింది. ప్రయాణికులను మరో విమానం వచ్చి తీసుకువెళ్ళింది.

ఇక గాలి సంగతి. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. వీటిని జెట్ ప్రవాహాలు అంటారు. గంటకు 800 కిలోమీటర్లు పోయే విమానానికి 150 కిలోమీటర్ల గాలి వెనుక నుంచి తోడైతే, నేల మీద లెక్కకు దాని వేగం 950 అవుతుంది. అదే గాలి ఎదురైతే 650కి పడిపోతుంది. ఎయిర్ ఇండియా మొదట ఈ ప్రయాణాన్ని అట్లాంటిక్ మీదుగా, సుమారు 13,900 కిలోమీటర్ల దారిలో నడిపింది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు నడిపి చూసింది. దూరం పెరిగింది, కాలం సుమారు రెండు గంటలు తగ్గింది! పద్నాలుగున్నర గంటల్లోనే విమానం చేరింది. అంటే దగ్గర దారి వేరు, త్వరగా చేరే దారి వేరు.

చివరికి మీకొక లెక్క. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మన గడియారం కంటె పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది. ఢిల్లీలో సోమవారం తెల్లవారుజామున 3 గంటలకు బయలుదేరిన విమానం 16 గంటలు ప్రయాణిస్తే, అక్కడికి సోమవారమే ఉదయం ఐదున్నరకు చేరుతుంది. మరి అక్కడ సోమవారం ఉదయం 9 గంటలకు బయలుదేరి 16 గంటలు ప్రయాణిస్తే, ఢిల్లీకి ఏ రోజు, ఎన్ని గంటలకు చేరుతుంది? లెక్క వేసి చూడండి.

(జవాబు: మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు.)