తలవెండ్రుకలు ఏల రాలును?

తెల్లవారి తల దువ్వుకొనునప్పుడు దువ్వెన పండ్ల నడుమ చిక్కిన వెండ్రుకలను చూచి నిట్టూర్చనివారు అరుదు. పలమనేరు ప్రాంతపు ఇండ్లలో ఆడవారు ఆ వెండ్రుకలను వేలికి చుట్టి, చిన్న ఉండగా చేసి, కిటికీ సందున దాచియుంచుట కలదు. సవరముల వ్యాపారి వీధిలోనికి వచ్చిననాడు ఆ ఉండలన్నియు ఒక్కచోట కుప్పగా చేరును. ఆ కుప్పను చూచునప్పుడు గుండె గుభిల్లుమనును. “బోరు నీళ్ళు పడలేదు” అని ఒకరు, “పిల్లకు దిష్టి తగిలింది” అని ఒకరు, “నూనె మార్చండి” అని మరియొకరు చెప్పుదురు. పెండ్లి కావలసిన పిల్ల ఇంట నున్నచో ఈ విచారము ఇంకను పెరుగును. శ్రోతలు వ్రాయు ఉత్తరములలో కూడ ఈ ప్రశ్న తరచుగా కనిపించుచుండును: జుట్టు రాలిపోవుచున్నది, ఏ నూనె వాడవలెను?

సమాధానమునకు ముందు ఈ ప్రశ్ననే కొంచెము సవరించుకొనవలసి యున్నది. అడుగవలసినది ఏ నూనె అని కాదు. వెండ్రుక రాలిన చోట దాని కుదురు బ్రదికియున్నదా, లేదా అని. కుదురు బ్రదికియున్నచో, కారణము తొలగిన పిదప వెండ్రుక సాధారణముగా తిరిగి వచ్చును. కుదురు చచ్చి మచ్చ కట్టినచో ఏ తైలమును దానిని బ్రదికింపజాలదు. మనలను భయపెట్టువానిలో పెక్కు మొదటి తెగకు చెందినవే. తొందరపాటుచే మనమే రెండవ తెగలోనికి నెట్టుకొనుట కూడ కలదు.

మన తలపై సుమారు 1 లక్ష వెండ్రుకలుండును. ఒక్కొక్కటి చర్మములో కొన్ని మిల్లీమీటర్ల లోతున నున్న కుదురునుండి పుట్టును. పైకి కనిపించునది ప్రాణము లేని దారము, ప్రాణమంతయు కుదురులోనే. పైరునకు వలెనే దానికిని కాలములు కలవు. 2 మొదలు 6 సంవత్సరముల వరకు పెరుగుదల. ఆ కాలమున నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున వెండ్రుక సాగును. పిమ్మట రెండు మూడు వారములు కుదురు ముడుచుకొనును. ఆ తరువాత సుమారు మూడు నెలలు విశ్రాంతి. విశ్రాంతి ముగిసిన పిదప పాత వెండ్రుక రాలి, క్రొత్తది మొలచును. కావున దినమునకు 50 మొదలు 100 వెండ్రుకలు రాలుట రోగము కాదు. వారమున కొకసారి తలకు పోసికొనువారికి ఆ నాడు ఒక్కసారిగా ఎక్కువ కనిపించుటయు వింత కాదు.

దీనికి నిదర్శనము కొరకు దూరము పోనక్కరలేదు. పలమనేరు నుండి మొగిలి కనుమ దిగి, చిత్తూరు మీదుగా తిరుపతి చేరు బాట మనకు తెలిసినదే. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించి తిరిగి వచ్చువారిని నిత్యము చూచుచున్నాము. చౌడేపల్లె దగ్గర బోయకొండ గంగమ్మకు మ్రొక్కు చెల్లించినవారిని చూచుచున్నాము. క్షురకుని కత్తి చర్మము పైభాగమునే తాకును. కుదురు దాక పోదు. మూడు నెలలు గడచుసరికి ఆ తల మరల నల్లబడును. అయితే గుండు చేయించినచో జుట్టు ఒత్తుగా వచ్చునను నమ్మకము మాత్రము నిజము కాదు. 1928 లో మిల్డ్రెడ్ ట్రాటర్ అను అమెరికా శాస్త్రజ్ఞురాలు గొరిగిన వెండ్రుకలను కొలిచి చూచి, గొరుగుటవలన మందము గాని, పెరుగు వేగము గాని మారదని ప్రకటించెను. తెగిన కొన మొద్దుగా నుండుటచే చేతికి గరుకుగా తగిలి ఒత్తుగా తోచును, అంతియే. మ్రొక్కును మ్రొక్కుగానే చెల్లించుకొనవచ్చును. వైద్యమని తలచి పసిబిడ్డకు మాటిమాటికి గుండు చేయించుటవలన ప్రయోజనము లేదు.

ఇక జ్వరము మాట. టైఫాయిడు, డెంగీ వంటి జ్వరములు తగ్గి, మనిషి కోలుకొని, పనిలోనికి పోవుచున్న దినములలో జుట్టు గుప్పిళ్ళతో ఊడనారంభించును. కోవిడు సోకినవారిలోను పలువురు 2020, 2021 సంవత్సరములలో దీనిని అనుభవించిరి. కాన్పయిన స్త్రీలకు, శస్త్రచికిత్స జరిగినవారికి, తిండి మాని ఒక్కసారిగా చిక్కినవారికి ఇదియే వరుస. శరీరమునకు కష్టము కలిగినప్పుడు అనేకములైన కుదుళ్ళు ఒక్కసారిగా పెరుగుట మాని విశ్రాంతికి పోవును. విశ్రాంతి మూడు నెలలు గనుక, రాలుట కూడ రెండు మూడు నెలల తరువాతనే కనిపించును. అప్పటికి జ్వరము సంగతి మరచిపోయి, ఆ వారము మార్చిన నూనెనో, నీటినో తప్పుపట్టుదుము. కారణము తీరినచో ఆరు నెలలలో ఈ రాలుట తనంతట తానే అణగును. అప్పుడు చేతనున్న సీసాకు ఆ కీర్తి దక్కును!

నీటిని కూడ విచారింతము. ఈ సీమ రాతినేల. చెరువులు, బావులు ఎండిన పిదప వందల అడుగుల లోతు బోర్లే పలమనేరు, పుంగనూరు, కుప్పం, మదనపల్లె ప్రాంతములలో అనేక గ్రామములకు దిక్కైనవి. సున్నపు లవణములు హెచ్చుగానున్న బోరునీటిలో సబ్బు నురుగు రాదు. తెల్లని జిడ్డు వెండ్రుకను పట్టుకొనును. వెండ్రుక బిరుసెక్కి, చిక్కుపడి, దువ్వునప్పుడు నడుమ తెగును. కాని తెగుట వేరు, ఊడుట వేరు. ఊడిన వెండ్రుకకు ఒక కొనను తెల్లని చిన్న బుడిపె యుండును, తెగినదానికి ఉండదు. వెలుతురులో పట్టి చూచినచో ఎవరికైనను తెలియును. ఉప్పునీరు దారమును బాధించును గాని కుదురును చేరదు. తలకు సబ్బు మాని షాంపూ వాడుట, చివరి రెండు చెంబులు మంచినీటితో పోసికొనుట, తడితలను దువ్వకుండుట చాలును. తలకు పోసికొనుటకు ముందు కొబ్బరినూనె రాచినచో వెండ్రుకలోని మాంసకృత్తుల నష్టము తగ్గునని పరీక్షలలో తేలినది. నూనె చేయు మేలు అదియే. అది దారమును కాపాడును. క్రొత్త వెండ్రుకను మొలిపింపదు.

ఇప్పుడు పేనుకొరుకుడును గూర్చి కొంత వివరముగా చెప్పవలెను. తలపైనో, గడ్డముపైనో రూపాయి బిళ్ళంత మేర నున్నగా జుట్టు ఊడిపోవుటకు మనవారు పెట్టిన పేరిది. రాత్రివేళ ఏదో పురుగు కొరికినదని భావము. నిజమైన పేను నెత్తురు పీల్చును గాని జుట్టును కొరకదు. ఇందు పురుగు లేదు, అంటు లేదు. శరీరమును కాపాడవలసిన రక్షకకణములే పొరబడి కుదురుపై దాడి చేయుటచే ఈ మచ్చ ఏర్పడును. నూటికి ఇద్దరికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఇది రావచ్చును. అయినను ఆ దాడిలో కుదురు చావదు, సొమ్మసిల్లి యుండును. ఒకటి రెండు చిన్న మచ్చలు మాత్రమే యున్నవారిలో పలువురికి సంవత్సరములోపల జుట్టు తనంతట మొలచును.

ఈ సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది. పదేండ్ల ప్రాయమున నా ఎడమ చెవికి పైన అట్టి మచ్చ యొకటి ఏర్పడినది. మా పెద్దలు ప్రేమతోనే ఒక నాటువైద్యుని పిలిపించిరి. ఆయన నల్లజీడి గింజను కాల్చి, కారిన చమురును పుల్లతో ఆ మచ్చ నడుమ అంటించెను. రజకులు బట్టలపై చెరగని గుర్తులు పెట్టుటకు వాడుచుండిన రసమది. చర్మముపై పడినచో బొబ్బలెక్కించును. మూడు రాత్రులు నిద్ర లేదు. బొబ్బ పగిలి పుండైనది. నెల దినములకు మానినది. ఆ సంవత్సరమే చుట్టును జుట్టు మొలచినది. నల్లజీడి తాకిన నడిమి భాగమున మాత్రము నేటికిని ఒక్క వెండ్రుక లేదు. చాలకాలము దానిని రోగపు గుర్తనియే తలచితిని. చర్మవైద్యు డొకరు భూతద్దముతో చూచి, “ఇది రోగము మిగిల్చినది కాదు, మందు మిగిల్చినది” అని చెప్పినప్పుడు గాని అసలు విషయము తెలియలేదు. గురివింద గింజలు నూరి పట్టించుట కూడ ఇట్టిదే. ఆ గింజలలో గొప్ప విషము కలదు. నేడు వైద్యులు మచ్చలోనికి సన్నని సూదితో స్టీరాయిడు మందు నెక్కించి, పలువురిలో జుట్టు త్వరగా మొలుచునట్లు చేయుచున్నారు. తలయంతయు ఊడిన తీవ్రదశకు బారిసిటినిబ్ అను మాత్రకు 2022 లో అమెరికా ప్రభుత్వము అనుమతి నిచ్చినది. అది రక్తపరీక్షలు చేయించుచు, వైద్యుని కనుసన్నలలో వాడవలసిన మందు.

పిల్లల తలపై మచ్చ నున్నగా లేక, పొలుసులు రేగి, వెండ్రుకలు మొదటికి విరిగి, దురద యున్నచో అది పేనుకొరుకుడు కాకపోవచ్చును. అది తామర. బూజుజాతి సూక్ష్మజీవివలన కలుగును. దువ్వెనలు, తువాళ్ళు, టోపీలు, శుభ్రపరచని క్షౌరపు పనిముట్ల ద్వారా ఒకరినుండి యొకరికి అంటును. కుదురులోనికి చొచ్చిన ఈ బూజును పైపూత మందు చేరజాలదు. కడుపులోనికి మాత్రలు కొన్ని వారములు వాడవలెను. అశ్రద్ధ చేసి చీముపట్టనిచ్చినచో మచ్చ నిలిచిపోవును. కావున ఇందు జాగు పనికిరాదు.

చుండ్రు ఇంత భయంకరము కాదు. తలపై అందరికిని ఉండు ఒక ఈస్టు చర్మపు జిడ్డును తిని పెరుగును. కొందరి చర్మము దానిని ఓర్వక పొట్టు రాల్చును. తల పొడిబారినదని తలచి నూనె దట్టించుట ఆ ఈస్టునకు విందు చేయుటయే. కీటోకోనజోల్ గాని, జింకు పైరిథియోన్ గాని కలిసిన షాంపూను వారమునకు రెండుసార్లు పట్టించి, అయిదు నిమిషములుంచి కడిగినచో అదుపునకు వచ్చును. మరల రావచ్చును గనుక అప్పుడప్పుడు వాడుచుండవలెను.

పురుషులకు నుదుటి ప్రక్కల, నడినెత్తిన జుట్టు పలుచబడుట వంశమువలనను, పురుష హార్మోనువలనను కలుగును. యుక్తవయస్సునకు ముందే వృషణములు తొలగింపబడినవారికి బట్టతల రాదని 1942 లో హామిల్టన్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. ఇందు కుదురు ఒక్కసారిగా చావదు, ఏటేట చిన్నదగును. రక్తపుపోటునకు మాత్రగా పుట్టిన మినాక్సిడిల్, వాడినవారి ఒంట రోమములు పెరుగుటచే, తలకు పూతమందుగా మారి 1988 లో అమెరికాలో అనుమతి పొందినది. నాలుగు మొదలు ఆరు నెలలు ఓపికతో పూయవలెను. మానినచో లాభమును పోవును. ఫినాస్టెరైడ్ మాత్ర పురుషులకు వైద్యుని సలహాపై మాత్రమే. గర్భిణులు దాని పొడిని తాకనైన రాదు. స్త్రీలకు జుట్టు పలుచనగుచున్నచో మొదట రక్తములో ఇనుమును, థైరాయిడును పరీక్ష చేయించవలెను. మన రాష్ట్రమున సగమునకు పైగా స్త్రీలకు రక్తహీనత కలదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలుపుచున్నది. అట్టివారికి తైలముకంటె ఇనుపమాత్రయు, రాగిసంకటితోపాటు ఆకుకూర, పప్పు, గ్రుడ్డు మేలు. చెవుల పైని వెండ్రుకలు లాగబడునట్లు బిగించి జడవేయుట కూడ మానవలెను. అందరును మ్రింగు బయోటిన్ మాత్రలు దాని లోపము లేనివారికి మేలు చేయునన్న నిదర్శనము లేదు. పైగా కొన్ని రక్తపరీక్షల ఫలితములను తారుమారు చేయును.

వెంటనే వైద్యుని చూడవలసిన గుర్తులు కొన్ని కలవు. జుట్టు ఊడిన చోట చర్మము మెరయుచు, రంధ్రములు కనబడకున్నచో; మంట, నొప్పి, చీము ఉన్నచో; కనుబొమల వెలుపలి కొనలు రాలి, ఒంట ఎక్కడనైన స్పర్శలేని మచ్చ యున్నచో ఒక్క దినమును జాగు చేయరాదు. ఈ చివరిది కుష్ఠువ్యాధి గుర్తు కావచ్చును. దానికి ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా మందు లిత్తురు, పూర్తిగా నయమగును. కుప్పములో వైద్య కళాశాల ఆసుపత్రి యున్నది. తిరుపతిలో రుయా ఆసుపత్రి యున్నది. మన పెద్దలు ఎరిగిన రాయవేలూరు పెద్దాసుపత్రియు దూరము కాదు.

వైద్యుని యొద్దకు పోవునప్పుడు మూడు సంగతులు జ్ఞాపకము చేసికొని పోవుడు: రాలుట ఎప్పుడు మొదలైనది, దానికి మూడు నెలల ముందు జ్వరము గాని, కాన్పు గాని జరిగినదా, ఇంతవరకు తలకు ఏమేమి పట్టించితిరి. ఈ మూడును చెప్పినచో వైద్యుని పని సగము తేలికయగును. ఇక ఇంట పిల్లవాని తలపై నున్నని మచ్చ కనిపించినచో, ఎవరు ఏ గింజ తెచ్చినను దానిని తలకు తగులనీయకుడు. వారము ఆలస్యమైనను చర్మవైద్యుని యొద్దకే తీసికొనిపోవుడు. పేనుకొరుకుడైనచో కుదురు ఆపాటి కాలము ఓర్చుకొనగలదు. నల్లజీడిని మాత్రము ఓర్వలేదు.