ఏఐకి మన వెబ్‌సైట్ లెక్కలు చూపిస్తే ఏం చెప్తది?

గద్వాలలో మా బీటెక్ దోస్తు ఒకడున్నడు, వాళ్లది చీరల షాపు. కాటన్ ఒళ్లు, పట్టు అంచు, అదే గద్వాల చీర. రెండేళ్ల కింద వెబ్‌సైట్ కూడా పెట్టిండు. మొన్న ఫోన్ చేసి, "మామా, సైట్‌కి ఎక్కడి వాళ్లు వస్తున్నరని ఏఐని అడిగిన. దాదాపు అందరూ హైదరాబాదే అంటుంది. దసరా యాడ్స్‌కి పెట్టుకున్న నలభై వేలు మొత్తం అక్కడే పెడతా" అన్నడు.

ఒక్క రోజు ఆగమన్న. ఎందుకో చెప్తా, కానీ ముందు అసలు ఏఐకి ఈ లెక్కలు ఎట్ల తెలుస్తయో చూద్దాం.

సైట్‌కి ఎవరొచ్చారు, ఏ పేజీ చూశారు అనేది గూగుల్ అనలిటిక్స్ రాసి పెడుతుంది. ఇప్పుడున్నది జీఏ4. పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులై 1 నుంచి కొత్త డేటా తీసుకోవడం ఆపేసింది. జీఏ4 తెరిస్తే ఏది ఎక్కడుందో వెతకడానికే సగం రోజు పోతది, నాకు కూడా. అందుకే జనం ఏఐ వైపు చూస్తున్నరు.

2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ కంపెనీ ఎంసీపీ, అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతి బయటపెట్టింది. ఏఐకి బయటి డేటాని కలిపే ఒక కామన్ ప్లగ్ అనుకోండి. 2025లో గూగుల్ కూడా అనలిటిక్స్ కోసం ఒక ఎంసీపీ సర్వర్‌ని ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది. మీరు తెలుగులో ప్రశ్న అడిగితే, ఏఐ దాన్ని ఒక రిపోర్ట్ రిక్వెస్ట్‌గా మారుస్తది: ఏ తేదీలు, దేన్ని లెక్కపెట్టాలి, దేని వారీగా విడగొట్టాలి. అనలిటిక్స్ అంకెలు పంపిస్తది. ఆ అంకెలు చదివి ఏఐ వాక్యం రాస్తది.

ఇక్కడే ఆగండి. అంకెలు అనలిటిక్స్‌వి, వాక్యం ఏఐది. మా వాడి కేసులో ఏఐ అంకెలు కల్పించలేదు. రిపోర్ట్‌లో నిజంగానే హైదరాబాద్ అనే ఉంది. కానీ జీఏ4 ఊరి పేరుని ఐపీ అడ్రస్ బట్టి అంచనా వేస్తది. మొబైల్ డేటా వాడేటప్పుడు మన ట్రాఫిక్ టెలికాం కంపెనీ గేట్‌వే గుండా ఇంటర్నెట్‌లోకి పోతది. ఆ గేట్‌వే చాలాసార్లు పెద్ద సిటీలో ఉంటది. అంటే మిర్యాలగూడలో మంచం మీద పడుకుని చీర చూసిన అక్క కూడా రిపోర్ట్‌లో హైదరాబాద్ మనిషి అయిపోవచ్చు.

మరి నిజం ఎక్కడుంది? పార్సిల్ బుక్కులో! వాడిని అదే తియ్యమన్న. 500తో మొదలయ్యే పిన్‌కోడ్ హైదరాబాద్, 508 నల్లగొండ వైపు, 509 పాలమూరు వైపు. ఇద్దరం కూర్చుని లెక్కపెడితే సగానికి పైగా పార్సిళ్లు 508, 509కే పోయినయి. కొన్ని కర్నూలు, రాయచూరు కూడా. హైదరాబాద్ ఉంది, కానీ మూడో వంతు కూడా లేదు.

కాబట్టి ఏఐని అడిగేటప్పుడు "ఏ తేదీలు, ఏ మెట్రిక్ వాడినవో చూపించు" అని కూడా అడగండి. ఒక్క అంకెనైనా అనలిటిక్స్ తెరిచి సరిచూడండి. నిన్న సేల్ ఎట్ల నడిచిందని పొద్దున్నే అడగకండి, జీఏ4లో డేటా పూర్తిగా రావడానికి 24 నుంచి 48 గంటలు పట్టొచ్చు.

ఇంకో భయం చాలామందికి ఉంటది: ఏఐ మన డేటా చెడగొడితే? గూగుల్ ఇచ్చిన ఆ సర్వర్‌కి చదివే పర్మిషనే ఉంటది, మార్చలేదు. నాకు అసలు భయం వేరే. మా వాడు ఆ పార్సిల్ బుక్కుని కూడా ఫొటో తీసి ఏఐకి ఇస్తా అన్నడు, పేర్లు, ఫోన్ నంబర్లతో సహా! వద్దురా, అవి కస్టమర్లవి, నీవి కాదు అన్న. పిన్‌కోడ్‌ల వరకే ఒక షీట్‌లో రాసి ఇచ్చినం, పని అయిపోయింది. వేరేవాళ్ల సైట్ చూసుకునేవాళ్లు కూడా ఓనర్‌ని అడగకుండా కనెక్ట్ చేయకండి.

చివరికి యాడ్ డబ్బులో పదిహేను వేలే హైదరాబాద్‌కి పెట్టిండు. మిగతాది నల్లగొండ, పాలమూరు, కర్నూలు వైపు. దసరా అయినంక మళ్లీ పిన్‌కోడ్‌లు లెక్కపెడతం, ఏమైందో ఇక్కడే చెప్తా.