పాత జీప్ కొంటున్నారా? ఫుల్ టైమ్, పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ తేడా ఇదీ!

సెకండ్ హ్యాండ్‌లో మారుతి జిప్సీ, మహీంద్రా ఎంఎం 540, పాత థార్ వెతికేవాళ్లు ముందుగా అడిగేది "ఫోర్ బై ఫోర్ ఉందా?" అనే. కానీ అది ఫుల్ టైమా, పార్ట్ టైమా అన్నది కూడా అడగాలి ఫ్రెండ్స్.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం రూట్‌నే తీసుకోండి. దాదాపు 120 కిలోమీటర్లు తారు రోడ్డే. భద్రాచలం దాటాక, చర్ల రోడ్డు దిగి అడవి అంచు ఊళ్లకు వెళ్లే మట్టి బాటల్లో, అదీ వానాకాలంలో, బండికి అసలు పరీక్ష మొదలవుతుంది.

పార్ట్ టైమ్ ఎలా పనిచేస్తుంది?
పైన చెప్పిన మూడూ ఈ రకమే. లివర్ 2హెచ్‌లో ఉంటే వెనక చక్రాలకే పవర్. 4హెచ్ వేస్తే ముందు, వెనక షాఫ్టులు కలిసి లాక్ అయిపోతాయి. కానీ మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలోనైతే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద గ్రిప్ ఎక్కువ కాబట్టి జారదు. ఆ ఒత్తిడంతా గేర్లు, షాఫ్టుల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, లివర్ వెనక్కి రానని మొరాయిస్తుంది.

సింపుల్‌గా చెప్పాలంటే ఇది ఫోన్‌లో టార్చ్ లాంటిది. పనయ్యాక ఆఫ్ చేయాల్సింది మనమే.

మరి ఫుల్ టైమ్?
1970 నాటి రేంజ్ రోవర్, 1977 నాటి లాడా నివా ఈ రకం. మధ్యలో ఉండే సెంటర్ డిఫరెన్షియల్ ఆ తేడాను సర్దేస్తుంది. అందుకే తడి తారు మీద కూడా నాలుగు చక్రాలకూ పవర్ ఇవ్వొచ్చు. అయితే ఒక్క చక్రం బురదలో ఊరికే తిరిగితే పవర్ అటే పోయి బండి కదలదు. అప్పుడు సెంటర్ డిఫరెన్షియల్ లాక్ వేయాల్సిందే.

కొనేముందు ఇవి చూడండి
- మెత్తటి మట్టి గ్రౌండ్‌లో 4హెచ్, 4ఎల్ రెండూ వేసి నడపండి. పాత ఓనర్ తారు మీద 4హెచ్‌లో తిప్పి ఉంటే, ఆ అరుగుదల శబ్దాల్లో బయటపడొచ్చు.
- ముందు చక్రాలకు మాన్యువల్ హబ్స్ ఉంటే దిగి లాక్ చేయండి. లేదంటే 4హెచ్ వేసినా ముందు చక్రాలకు పవర్ రాదు.
- నాలుగు టైర్లూ ఒకే సైజులో, ఒకేలా అరిగి ఉండాలి.

మా తీర్పు
ఎక్కువ తారు, కొంచెం బురద ఉండే మన రూట్లకు పార్ట్ టైమ్ చాలు. తారు ఎక్కగానే లివర్‌ని 2హెచ్‌కి మార్చే అలవాటు ఉండాలి, అంతే.