గది పలుకును

పాత పెంకుటింటి వసారాలో కూర్చుండి మా అమ్మ ఉదయపు రేడియో వార్తలను అక్షరము పొల్లుపోకుండ వినెడిది. క్రొత్త ఇంటికి మారిన పిదప మనుమడు మంచి స్పీకరు కొని తెచ్చి, హాలులో ఒక మూలన ఉంచినాడు. "మాటలు ముద్దగా వస్తున్నాయిరా" అన్నది అమ్మ. వాడు ధ్వని పెంచినాడు. ఇల్లు అదిరినదే కాని మాట విడివడలేదు. ఎనుబదేండ్ల మనిషి గనుక చెవుడని అందరమును నిశ్చయించినాము. ఆ తీర్పునకు నేనును తల ఊపినాను. ఆమె వినుట మానివేసినది.

కొన్నాళ్లకు ఇంట శుభకార్యము వచ్చినది. బంధువుల కొరకు హాలునిండ పరుపులు, బొంతలు పరచినాము. ఆ ఉదయము ఎవరో వార్తలు పెట్టగా, అమ్మ దూరమునుండియే "ఈవేళ బాగా వినిపిస్తోందే!" అన్నది. ఆమె చెవి నిన్నటిదే. గదిలోనికి పరుపులు క్రొత్తగా వచ్చినవి.

ఈ విషయమును శాస్త్రముగా తీర్చినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించిన వాలెస్ సబీన్. 1895 నాటికి అచ్చటి ఫాగ్ కళాప్రదర్శనశాల ఉపన్యాసమందిరములో వక్త మాటలు శ్రోతలకు అర్థమయ్యెడివి కావు. పలికిన శబ్దము సుమారు 5.5 సెకన్లు నిలిచి, వెనువెంట వచ్చు మాటలను కప్పివేసెడిది. సబీన్ వేరొక నాటకశాలనుండి కుర్చీల మెత్తలు తెప్పించి పరచి, ఆర్గాన్ గొట్టము మ్రోగించి, నాదమెంతసేపు నిలుచునో రాత్రులందు కొలిచినాడు. మెత్తలు పెరిగినకొలది ఆ మారుమ్రోత తగ్గినది.

మన ఇండ్లలోను జరుగునది అదియే. నున్నని పలకల నేల, గాజు కిటికీలు, బోడిగోడలు శబ్దములో చాలభాగమును తిప్పికొట్టును. పరదాలు, పరుపులు, మనుష్యులు దానిని మ్రింగుదురు. ధ్వని పెంచినచో మాటతోపాటు మారుమ్రోతయు అదే పాళ్లలో పెరుగును గనుక స్పష్టత రాదు. స్పీకరును శ్రోతకు దగ్గరగా జరిపినచో సూటిగా వచ్చు మాట పాలు హెచ్చును. మూలనుంచిన స్పీకరు మంద్రస్వరములను ఉబ్బించును. సుమారు 3.4 మీటర్ల పొడవుగల గదిలో సెకనుకు 50 కంపనముల స్వరము స్థిరతరంగముగా నిలిచి, ఎదురెదురు గోడలకడ బలముగాను, నడుమ బలహీనముగాను వినబడును.

ధ్వని మరీ తగ్గించినను ఒక లోపమున్నది. మెల్లని ధ్వనిలో మన చెవి మంద్రస్వరములను సరిగా పట్టలేదని 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల శాస్త్రజ్ఞులు ఫ్లెచర్, మన్సన్ కొలతలతో చూపినారు. అందువలననే రాత్రివేళ కచేరీని సన్నగా పెట్టుకొన్నప్పుడు గాత్రము వినబడును కాని, మృదంగముపై ఎడమచేతి గంభీరనాదము పలుచబడును. అది విద్వాంసుని లోపము కాదు, స్పీకరు లోపమును కాదు. అట్లని హద్దు లేక పెంచరాదు. పెద్దలకు 80 డెసిబెల్లుల ధ్వని వారమునకు 40 గంటలకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించుచున్నది.

మేము హాలులో జంపఖానా పరచి, మందపు పరదాలు కట్టి, స్పీకరును అమ్మ కుర్చీ ప్రక్కకు తెచ్చినాము. ధ్వనిని మునుపటికంటె తగ్గించినాము. ఆమె మరల వార్తలు విని మాకు చెప్పుచున్నది.

ఉపాధ్యాయ మిత్రులారా, బోడిగోడల తరగతిలో వెనుకబల్ల విద్యార్థి "వినబడలేదండి" అన్నప్పుడు, వానిని మందలించుటకు ముందు ఒక్క చప్పట చరచి, ఆ గది ఎంతసేపు పలుకునో వినుడు.