మంచు కింద నిప్పు

తెల్లటి మంచు మైదానం మీద చిన్న సొట్ట పడితే ఏముందిలే అనుకుంటాం. ఐస్‌లాండ్‌లో మాత్రం అది పెద్ద వార్తే! అక్కడి వాత్నాయోకుల్ హిమానీనదం కింద సజీవ అగ్నిపర్వతాలున్నాయి. పైన సొట్ట పడిందంటే కింద మంచు కరుగుతోందని అర్థం.

మరి వందల మీటర్ల మంచు కింద ఏముందో తెలిసేదెలా? ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయంలో హెల్గి బ్యోర్న్సన్ బృందం రాడార్‌ను మంచు మీద లాక్కుంటూ తిరిగింది. రేడియో తరంగం మంచులో మైక్రోసెకనుకు దాదాపు 169 మీటర్లు పోతుంది. అడుగునున్న రాతిని తాకి ఆరు మైక్రోసెకన్లలో తిరిగొస్తే, మంచు మందం సుమారు 500 మీటర్లన్నమాట. మన ఈసీఈ వాళ్లకు ఇది చిటికెలో పని. కాకపోతే వాళ్లు చలిగాలిలో కొన్నేళ్లపాటు ఇదే కొలిచి మ్యాపులు గీశారు.

ఆ మ్యాపులతో ఇంకో సంగతి తేలుతుంది. మంచు ఎక్కువ మందంగా ఉన్నచోట కింద ఒత్తిడి ఎక్కువ. అందుకే అడుగున నీరు ఎటు పోవాలన్నదాంట్లో నేల వాలు కంటే పైనున్న మంచు వాలుకే దాదాపు పది రెట్లు బలం. ఒక్కోసారి నీళ్లు ఎత్తుకు కూడా పాకుతాయి!

1996 సెప్టెంబరు 30న గ్యాల్ప్ దగ్గర మంచు కింద విస్ఫోటనం మొదలైంది. అక్టోబరు 2న అది మంచును చీల్చుకుని పైకొచ్చింది. కరిగిన నీరంతా గ్రిమ్స్‌వోట్న్ అనే సరస్సులోకి చేరింది. మంచు కిందే ఉన్న ఆ సరస్సు నెలరోజులకు పైగా నిండుతూనే ఉంది. వరద తప్పదని అందరికీ తెలుసు, ఎప్పుడన్నదే తెలీదు.

నవంబరు 5న మంచు గోడ కింద నుంచి నీరు తోసుకొచ్చింది. మొత్తం మన లెక్కలో వంద టీఎంసీల పైమాటే. ఉధృతి గరిష్ఠంగా సెకనుకు సుమారు 50 వేల ఘనపు మీటర్లు, అంటే 17 లక్షల క్యూసెక్కులకు పైనే. ఇళ్లంత మంచుగడ్డలు కొట్టుకొచ్చాయి. 376 మీటర్ల వంతెన పోయింది, పక్కనున్న స్కేయ్‌థారా వంతెన కొంత కూలింది. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

వంతెనలు మళ్లీ కట్టారు. కానీ హిమానీనదం కరిగి వెనక్కి తగ్గడంతో 2009లో స్కేయ్‌థారా నది దారే మార్చుకుంది. అంత పొడవైన వంతెన కింద ఇసుక మిగిలింది. సివిల్ మిత్రులారా, నది నిన్నటి చోటే ఉందో లేదో ఏటా కొలుస్తూనే ఉండాలి మరి!