రాత్రయితే నెట్‌ నత్తనడక.. కారణాలు రెండు

మార్కాపురం: పగలంతా పరుగులు తీసే ఇంటర్నెట్‌ రాత్రి ఏడు దాటగానే నీరసిస్తే, ఎక్కువ వేగమున్న ప్యాకేజీకి మారడమే మందని పలువురు భావిస్తారు. అన్నివేళలా ఆ మందు పనిచేయదు. జబ్బేమిటో తెలియకుండా డబ్బు కడితే నెలనెలా అదనపు భారమే మిగులుతుంది. ఉద్యోగ దరఖాస్తులకు, ఆన్‌లైన్‌ పాఠాలకు నెట్‌పైనే ఆధారపడే మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంత కుటుంబాలకు ఈ తేడా తెలియడం అవసరం.

ఒకే కాలువ.. అందరి పొలాలు

ఫైబర్‌ కనెక్షన్‌ ఇంటింటికీ విడిగా వచ్చినట్లు కనిపించినా వెనకనున్న తీగ ఉమ్మడిదే. విస్తృత వాడుకలో ఉన్న జీపాన్‌ విధానంలో ఒక తీగ సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల సమాచారాన్ని ఇళ్లకు మోస్తుంది. దానిని సాధారణంగా 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. 64 ఇళ్లవారూ 100 మెగాబిట్ల ప్యాకేజీని ఒకేసారి పూర్తిగా వాడితే 6.4 గిగాబిట్లు కావాలి. అందరూ ఒకేసారి వాడరన్న అంచనాపైనే ఈ పంపకం నడుస్తుంది. రాత్రివేళ ఆ అంచనా తప్పుతుంది. చెరువు కింద ఎగువ రైతులంతా ఒక్కసారిగా మడవలు తెరిస్తే చివరి ఆయకట్టుకు నీరందని చందమే ఇది.

అందుకే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ 2006 నాటి నిబంధనల్లో, రద్దీవేళ మార్గం 80 శాతానికి మించి నిండరాదని నిర్దేశించింది.

కోటా దాటితే కోత

రెండో కారణం ప్యాకేజీ షరతుల్లోనే ఉంటుంది. నిర్ణీత కోటా ముగియగానే పగలు, రాత్రి తేడా లేకుండా వేగాన్ని తగ్గిస్తారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్‌ కోవింద్‌ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్‌ తొలినాటి రూ.149 ప్యాకేజీలో 15 మెగాబిట్ల వేగం 5 గిగాబైట్ల వరకే లభించేది. పూర్తి వేగంతో వాడితే అది ముప్పావు గంటలోపే కరిగిపోతుంది. కోటా ముగిశాక కూడా వేగం 512 కిలోబిట్లకు తగ్గరాదని ట్రాయ్‌ 2016లో ఆదేశించింది.

భారీ వాడకందారులపై చర్య ఎలా?

అమెరికాలో బిట్‌టొరెంట్‌ వాడకాన్ని అడ్డుకున్న కామ్‌కాస్ట్‌ సంస్థను అక్కడి నియంత్రణ మండలి 2008లో తప్పుబట్టింది. దరిమిలా ఆ సంస్థ పద్ధతి మార్చింది. రద్దీ ఏర్పడినప్పుడే, 15 నిమిషాలపాటు తమకు కేటాయించిన వేగంలో 70 శాతానికి మించి వాడినవారిని తాత్కాలికంగా వరుసలో వెనక్కు జరిపేది. వాడకం తగ్గితే మళ్లీ యథాస్థానమే. ఏమి చూస్తున్నారన్నది కాక, ఎంత వాడుతున్నారన్నదే కొలమానమైంది. మన దేశంలోనూ 2018లో ఆమోదించిన నెట్‌ సమానత్వ సూత్రాల ప్రకారం సమాచారం పట్ల వివక్ష కూడదు, సహేతుకమైన రద్దీ నియంత్రణకు మాత్రం అవకాశముంది.

తేల్చుకోవడం ఇలా..

వైఫై కాకుండా కేబుల్‌తో కంప్యూటర్‌ను అనుసంధానించి తెల్లవారుజామున ఒకసారి, రాత్రి 9 గంటలకు మరోసారి వేగం పరీక్షించాలి. రెండువేళలా తక్కువగా ఉంటే కోటా ముగిసిందేమో, లైనులో లోపముందేమో చూడాలి. వేకువన బాగుండి రాత్రి మాత్రమే పడిపోతే అది రద్దీ. అప్పుడు పెద్ద ప్యాకేజీకి మారినా ఫలితం అంతంతమాత్రమే. ఈ వివరాలతో కాల్‌సెంటర్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఫిర్యాదు సంఖ్యను భద్రపరచుకోవాలి. పరిష్కారం లభించకుంటే ఆ సంస్థలోని అప్పిలేట్‌ అథారిటీని ఆశ్రయించవచ్చు.