మీకు తెలుసా? ఒక్క జన్యువూ పట్టుబడలేదు, జట్టు పట్టుబడింది

షుగర్ వ్యాధి ఉన్నవాళ్ల కండరంలో ఏ జన్యువు తేడాగా పనిచేస్తోంది? ఇది తేల్చడానికి 43 మంది మగవాళ్ల కండరం నుంచి చిన్న ముక్కలు తీశారు. 17 మందికి షుగర్ లేదు, 18 మందికి ఉంది, మిగతా 8 మందీ వచ్చే దారిలో ఉన్నవాళ్లు. 22 వేలకు పైగా జన్యువులు ఏ మేరకు పనిచేస్తున్నాయో మైక్రోఅరే చిప్‌ల మీద కొలిచారు. తీరా లెక్క కడితే, గట్టిగా ఇదీ అని వేలెత్తి చూపగల జన్యువు ఒక్కటీ లేదు!

వేల పోలికలు చేసినప్పుడు కొన్ని ఊరికే కాకతాళీయంగా తేడా చూపిస్తాయి. వాటిని ఏరెయ్యడానికి ప్రమాణం బిగిస్తే, నిజమైన చిన్న తేడాలూ వాటితోపాటే పోతాయి.

అప్పుడు వంశీ మూతా బృందం ప్రశ్నే మార్చింది. (తెలుగు మూలాలున్న ఈ అమెరికా వైద్య శాస్త్రవేత్తకు 2014లో పద్మశ్రీ వచ్చింది.) రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య ఉన్న తేడాను బట్టి జన్యువులన్నిటినీ వరసలో పెట్టారు. ఒకే పని కలిసి చేసే జన్యువుల జట్టును తీసుకుని, వరస వెంట వెళ్తూ జట్టులోది తగిలితే మార్కులు కలిపారు, బయటిదైతే తీసేశారు. జట్టు చెల్లాచెదురుగా ఉంటే మొత్తం సున్నా చుట్టూనే తచ్చాడుతుంది, ఒక కొసన గుమిగూడితే ఎగబాకుతుంది. ఆ ఎత్తే స్కోరు.

నాకు బాగా నచ్చింది తర్వాతి పని. ఎవరికి షుగర్ ఉంది, ఎవరికి లేదు అన్న చీటీలను కలగాపులగం చేసి, వెయ్యిసార్లు మళ్లీ లెక్కించారు. కలిపింది మనుషుల చీటీలే కాబట్టి జన్యువుల మధ్య సంబంధం చెదరదు. అసలు స్కోరు ఆ ఉత్తుత్తి స్కోర్లను దాటితేనే లెక్కలోకి వస్తుంది.

149 జట్లలో తేలింది ఒకటి: మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే జట్టు. ఒక్కో జన్యువులో తగ్గుదల సుమారు 20 శాతమే. అయితే నూటికి దాదాపు 90 తగ్గుముఖంలోనే ఉన్నాయి. షుగర్ వల్ల ఇవి తగ్గాయా, ఇవి తగ్గడం వల్ల షుగర్ వచ్చిందా అన్నది ఈ కొలత చెప్పదు.

ఈ ఫలితం 2003లో అచ్చయింది. అయితే ఆ లెక్కలో ఒక లొసుగు ఉంది: వరస మధ్యలో గుమిగూడిన జట్లకూ మంచి స్కోరు వచ్చేసేది. 2005లో అరవింద్ సుబ్రమణియన్, మూతా తదితరులు కొసల దగ్గరి జన్యువులకు ఎక్కువ బరువిచ్చి దాన్ని సరిచేశారు. షుగర్ పరిశోధనలో పుట్టినా, క్యాన్సర్ ల్యాబుల్లోనూ ఇప్పుడు నడుస్తున్నది ఆ సవరించిన లెక్కే.